ఇల్లాలూ కలిసి కూర్చునే భోజనం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో అనేక కుటుంబాలు రాత్రి భోజనానికి ఒక్కచోట చేరేసరికి చాలా పొద్దుపోతుంది. ఆ వేళ చేపలు వేయించాలంటే అందరూ తింటుండగా ఇల్లాలు మాత్రం మూకుడు ముందే నిలబడాలి. ఎయిర్ ఫ్రయర్ ఉన్న ఇంట ఆ అవస్థ తప్పుతుంది. నూనె వాడకమూ తగ్గుతుంది.

తాజా కూరగాయలకు సరూర్‌నగర్ రైతుబజారు ఉండనే ఉంది. చేపల్లో కొరమేను మేలు. సన్నముళ్లు తక్కువ గనుక నడిముల్లు తీసి పిల్లలకూ వడ్డించవచ్చు.

ముగ్గురికి 400 గ్రాముల ముక్కలు తీసుకోండి. చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచాడు కారం, పావు చెంచా పసుపు, తగినంత ఉప్పు, రెండు చెంచాల నూనె పట్టించి 15 నిమిషాలు ఉంచండి. ఈలోగా క్యారెట్, బీన్స్, క్యాప్సికం ముక్కలకు కాస్త నూనె, ఉప్పు, మిరియాల పొడి కలిపి 180 డిగ్రీల వద్ద 8 నిమిషాలు మగ్గనివ్వండి. వాటిని తీసి, చేపముక్కలను అదే వేడిలో 12 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పండి. ఒకదానిపై ఒకటి పేర్చరాదు. వేడిగాలి చుట్టూ తిరిగితేనే ముక్క లోపలిదాకా ఉడుకుతుంది. మాంసం తెల్లబడి పొరలుగా విడిపోతే ఉడికినట్లే.

నిమ్మరసం పిండి, కూరగాయలతో, జొన్నరొట్టెతో వడ్డించండి. చేప కాలే 12 నిమిషాల్లో దస్తర్‌ఖాన్ పరచే పని పిల్లలది, నీళ్లు అమర్చే పని ఇంటాయనది అయితే, ఇల్లాలు కూడా అందరితోపాటు తొలి ముద్ద తినగలదు.