పద్దు పుస్తకం కంప్యూటర్‌కెక్కితే...

భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి రిటైరయ్యే రోజు దగ్గరపడిందంటే ఆ ఇంట్లో ఒకటే చర్చ. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి వచ్చే సొమ్ముతో ఏం చేద్దాం? జనగామలో ప్లాటు కొందామంటాడు పెద్దకొడుకు. మానుకోటలో తెలిసినవాళ్లకి రెండు రూపాయల మిత్తికి ఇద్దామంటాడు బావమరిది. చిట్టీలే నయమంటుంది ఇల్లాలు. అమ్మాయేమో ఫోన్లో మ్యూచువల్ ఫండ్ల యాప్ తెరిచి చూపిస్తుంది. ఒకరు ‘నాలుగింతలైంది’ అంటే మరొకరు ‘నూటికి ఇరవైనాలుగు’ అంటారు. కొలతలే వేరైనప్పుడు ఏది ఎక్కువో తేలేదెలా?

ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ‘పోర్ట్‌ఫోలియో పెర్ఫార్మెన్స్’ లాంటివి ఉచితం కూడా. మన కంప్యూటర్లోనే పనిచేస్తాయి కాబట్టి ఇంటి లెక్కలు బయటికి పోతాయన్న భయం లేదు. ఫండ్లు, షేర్ల సంగతైతే చిక్కే లేదు... వాటి ధరలు రోజూ వెలువడతాయి. మరి చిట్టీకి రోజువారీ ధర ఎక్కడిది? నోటు రాయించుకుని ఇచ్చిన అప్పుకో? వాటి వివరాలు మనమే తేదీ, మొత్తం అనే రెండు వరుసల్లో రాసి ‘సీఎస్‌వీ’ ఫైలుగా ఎక్కించాలి. అంత ఓపిక లేకపోతే ఎక్సెల్‌లో ‘ఎక్స్‌ఐఆర్‌ఆర్’ అన్న సూత్రం చాలు. ఇచ్చిన డబ్బుకి మైనస్ గుర్తు, వచ్చినదానికి ప్లస్. ఏడాదికి నికరంగా ఎంత శాతం పెరిగిందో అదే చెబుతుంది.

బావమరిది లెక్కే చూద్దాం. రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24. లక్ష ఇస్తే మూడేళ్లకు అసలు, వడ్డీ కలిపి 1.72 లక్షలు ఒకేసారి వచ్చాయనుకుందాం. నెలనెలా చేతికి రాని వడ్డీ మళ్లీ వడ్డీ తేలేదు కదా! అందుకే అసలు రాబడి 19.8 శాతమే. ఆ 1.72 లక్షలే నాలుగో ఏడు చివర్లో ఇస్తే? 14.5 శాతం. ఇక అసలే మునిగితే ఏ సూత్రమూ అక్కర్లేదు.

ప్లాటు సంగతి ఇంకా తమాషా. 2010లో 4 లక్షలకు కొన్నది 2024లో 16 లక్షలకు అమ్మితే నాలుగింతలు. వినడానికి ఎంత బాగుందో! కానీ మధ్యలో గడిచింది పద్నాలుగేళ్లు. ఏడాదికి పడేది 10.4 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు, మధ్యవర్తి కమీషన్, చుట్టూ కట్టిన ప్రహరీ కూడా ఫైల్లో రాస్తే ఇంకాస్త దిగుతుంది. చాలామంది రాయరు.

చిట్టీది దీనికి తిరకాసు. నెలకు 5 వేల చొప్పున 20 నెలల లక్ష చిట్టీలో, డివిడెండ్లు పోను సగటున 4,400 కట్టి, చివరి కిస్తీ నెలలోనే 95 వేలు తీసుకుంటే మిగిలేది 7 వేలు. కట్టిన 88 వేల మీద చూస్తే 8 శాతమేగా అనిపిస్తుంది. అయితే ఆ 88 వేలూ మొదటి రోజునే కట్టలేదు. తేదీలవారీగా ఎక్కిస్తే ఏడాదికి దాదాపు 10 శాతం తేలుతుంది. ఇల్లాలి మాట మరీ తీసిపారేసేది కాదన్నమాట.

ఫైలు ఎక్కించేటప్పుడు పొరపాట్లకు కొదవలేదు. 1,00,000 అని కామాలతో రాస్తే కంప్యూటర్ దాన్ని మూడు గడులుగా చీల్చే ప్రమాదముంది. 100000 అనే రాయాలి. ఏప్రిల్ 5ని 05/04 అని రాస్తే అమెరికా పద్ధతి సాఫ్ట్‌వేర్ మే 4 అనుకుంటుంది. నెలవారీ రాబడి అడిగిన గడిలో రూపాయి వడ్డీకి 1 బదులు 12 కొట్టారో... లక్ష ఏడాది తిరిగేసరికి దాదాపు 3.9 లక్షలై కూర్చుంటుంది!

వీటినైనా ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోవడం కష్టమైంది మరొకటుంది. భూమి ధర ఏటా ఎవరూ కొలవరు. ఎవరో టీకొట్టు దగ్గర అన్న ధరను రెండేళ్లకోసారి రాస్తాం. పోనీ ప్రభుత్వ విలువ తీసుకుందామంటే, తెలంగాణ ఏర్పడ్డాక ఆ విలువల్ని మొదటిసారి సవరించింది 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో. ఆ అంకెలు ఎక్కిస్తే గ్రాఫులో ఏళ్ల తరబడి తిన్నని గీత, తర్వాత రెండు మెట్లు. సాఫ్ట్‌వేర్‌కి నష్టభయం అంటే ధరల ఊగిసలాటే. గీత కదల్లేదు కాబట్టి ‘భూమికి భయమే లేదు’ అని తీర్పిస్తుంది. పక్కనే ఫండు గీత రోజూ ఎగిరిపడుతూ కనిపిస్తుంది. ఇక సలహా ఏమొస్తుంది? రిటైర్మెంట్ సొమ్మంతా ప్లాటులోనే పెట్టమని! అవసరమైన నెలలో కొనేవాడు దొరక్కపోవడం, హడావుడిలో ధర తగ్గించి అమ్ముకోవడం ఏ గడిలోనూ ఉండవు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అలాంటి రోజుల్లో చెప్పుకున్న ధరకీ, నిజంగా రిజిస్ట్రేషనైన ధరకీ ఉన్న తేడా కొన్నవాళ్లకే తెలుసు. అందుకే భూమికి కొన్న తేదీ, అమ్మిన తేదీ మాత్రమే రాయడం మంచిది. ఇంకా అమ్మకపోతే ‘ఈ నెలలోనే అమ్మాల్సి వస్తే ఎంతిస్తారు?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు రాయాలి. బంగారం నగలకూ అంతే... పేపర్లో ధర కాదు, తరుగు, మజూరీ పోను షాపువాడు తిరిగిచ్చే ధర.

నాన్న డైరీలోంచి ఆ తేదీలన్నీ ఏరి ఫైల్లో వరుసగా పేర్చాలంటే ఓ ఆదివారం పడుతుంది. నోట్ల మీది తేదీల దగ్గర మాత్రం కాస్త ఆగండి. అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటు మీద కోర్టుకెళ్లే గడువు మామూలుగా రాసిన రోజు నుంచి మూడేళ్లే. రెండున్నరేళ్లు దాటిన నోటు కనిపిస్తే, రాబడి శాతం సంగతి తర్వాత... ముందు ఆ బాకీదారుకి ఫోన్ చేయండి.