చేతి ట్రాక్టరు కొనేముందు గేర్‌బాక్సు మూత తీసి చూడాలి

వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ కౌంటీకి చెందిన ఆష్‌బర్న్ ఒకనాడు పాడిపశువులు మేసిన పల్లె. నేడు ఆ పచ్చిక బయళ్ళ స్థానంలో కిటికీలు లేని డేటా సెంటర్లు, వాటి చెంతనే వరుసలు తీరిన ఇళ్ళు వెలిశాయి. ఆ ఇళ్ళలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. ఏప్రిల్ చివర, మే మొదట మంచు భయం తొలగిందంటే చాలు, పెరళ్ళలో గోంగూర, బెండ, బీర, వంగ విత్తనాల పొట్లాలు విప్పుతారు. అయితే గింజ వేయడానికి ముందు నేలను గుల్ల చేయక తప్పదు.

ఆ నేల సామాన్యమైనది కాదు. ఇరవై కోట్ల ఏండ్లకు పూర్వం ఏర్పడిన ఎఱ్ఱని పలకరాయి, దానిని చీల్చుకొని పైకి వచ్చిన డయాబేస్ అనే నల్లని కఠిన శిల, ఆ రెండూ శిథిలమై మిగిల్చిన జిగటమన్ను కలగలిసినది. దానికి తోడు, ఇల్లు కట్టేటప్పుడు పైమట్టిని గోకివేసి, మిగిలిన దానిని బరువైన యంత్రాలతో అణచివేస్తారు. అట్టి నేలమీద తేలికపాటి టిల్లరు పట్టిన గృహస్థునికి నేల దున్నినట్లుండదు, గంతులు వేసే కోడెదూడను పట్టుకున్నట్లుంటుంది. విసిగిపోయి అంగడికి పోయినవాడు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని గుర్రాల బలం?" అన్నదే. అడగవలసిన ప్రశ్న అది కాదు.

ఇంజను సులభంగా మారేది. పాతది పోతే కొత్తది బిగించుకోవచ్చు. యంత్రం ఆయుర్దాయాన్ని నిర్ణయించేవి ఇంజనుకూ నేలకూ మధ్యనున్న ఇరుసు, గేర్‌బాక్సు, పనిముట్టుకు శక్తిని అందించే పి.టి.ఓ. షాఫ్టు. పొరుగున ఉన్న వెస్ట్ వర్జీనియాలో డన్‌బార్ వాసి, వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు అయిన బెంజమిన్ గ్రేవ్లీ 1916లో తన మోటారు నాగలికి పేటెంటు పొందాడు. ఆ పేరుతో వచ్చిన చేతి ట్రాక్టర్లలో అర్ధశతాబ్దం దాటినవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటిలో ఎన్నింటికో ఇంజన్లు మారాయి. గేర్లు మాత్రం పాతవే.

కొంచెం లెక్క వేసి చూద్దాం. పది గుర్రాల బలం గల ఇంజను నిమిషానికి 3,600 సార్లు తిరుగుతున్నప్పుడు దాని మెలిదిప్పు బలం సుమారు 20 న్యూటన్ మీటర్లు మాత్రమే. అదే శక్తి గేర్ల ద్వారా నిమిషానికి దాదాపు వెయ్యి చుట్లకు తగ్గి పి.టి.ఓ. షాఫ్టుకు చేరేసరికి ఆ బలం 70కి పైబడుతుంది. 540 చుట్లకు తగ్గితే 130 దాటుతుంది. అనగా వేగం తగ్గిన కొద్దీ షాఫ్టు మీద భారం పెరుగుతుంది. ఇరవై మిల్లీమీటర్ల వ్యాసం గల షాఫ్టుకు 70 న్యూటన్ మీటర్ల వద్ద సాధారణ ఉక్కు ఓర్వగల దానిలో మూడవ వంతు ఒత్తిడి కలుగుతుంది. ఇది నిలకడగా తిరుగుతున్నప్పటి మాట. డయాబేస్ రాయి తగిలి కత్తులు ఒక్కసారిగా ఆగితే, ఇంజను చక్రంలో నిలవ ఉన్న శక్తి అంతా ఆ సన్నని ఇరుసు మీదనే పడుతుంది. మిగిలిన రెండు వంతులు రెప్పపాటులో ఖర్చయిపోతాయి. షాఫ్టు వ్యాసం ఇరవై నుండి ఇరవై అయిదుకు పెరిగితే దాని బలం దాదాపు రెండింతలవుతుంది, ఎందుకంటే బలం వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది. కనుక అయిదు మిల్లీమీటర్ల ఉక్కు కోసం చెల్లించే ధర అయిదు గుర్రాల కోసం చెల్లించే ధరకంటె సార్థకమైనది.

షాఫ్టు కొసను కూడ చూడాలి. ఒకే ఒక తాళపు గాడి గల షాఫ్టు ఆ గాడి మూలలోనే పగులుతుంది. చుట్టూ పళ్ళు గల స్ప్లైను షాఫ్టు భారాన్ని అన్ని వైపులకూ పంచుతుంది. పెద్ద ట్రాక్టర్లకు సుమారు 35 మిల్లీమీటర్ల, ఆరు పళ్ళ కొస ప్రమాణంగా స్థిరపడినది. చేతి ట్రాక్టర్లకు అట్టి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ పనిముట్టు మరొక కంపెనీ యంత్రానికి అతకకపోవచ్చు, అతికినా ఎదురు దిశలో తిరగవచ్చు. ఈ సంగతి తెలియక యంత్రం ఒకచోట, పనిముట్టు మరొకచోట చవకగా కొన్నవారు రెండింటినీ గరాజులో మూల పెట్టవలసి వస్తుంది.

తెగవలసినది తెగాలి, విరగకూడనిది విరగకూడదు. అందుకొరకే మంచి యంత్రాలలో షియర్ బోల్టునో, జారే క్లచ్చునో అమరుస్తారు. రాయి తగిలినప్పుడు స్వల్ప ధర గల బోల్టు తెగి గేర్‌బాక్సును కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతున్నదని దాని స్థానంలో గట్టి బోల్టు బిగించడం, ఇంట్లో ఫ్యూజు పోతున్నదని రాగితీగ చుట్టడం వంటిది. మన గోదావరి, కృష్ణా డెల్టాలలో కనిపించే పవర్ టిల్లర్లలో ఇంజను నుండి గేర్‌బాక్సుకు వి-బెల్టులు ఉంటాయి. గేర్లతో నేరుగా నడిచే ఐరోపా యంత్రాల పక్కన అవి మోటుగా కనిపించవచ్చు. కాని అధిక భారం పడినప్పుడు బెల్టు జారుతుంది, గేరు పన్ను బ్రతుకుతుంది. చూపులకు మోటైనదల్లా తెలివితక్కువది కాదు.

ఇక గేర్ల విషయం. పన్ను పైభాగం రాపిడికి అరగకూడదు. లోపల మాత్రం దెబ్బకు విరగని మెత్తదనం ఉండాలి. ఒకే ఉక్కులో ఈ రెండు గుణాలూ సాధించడానికి లోహ శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయం కార్బరైజింగ్. నూటికి 0.2 వంతు మాత్రమే కర్బనం గల ఉక్కును 900 డిగ్రీల పైచిలుకు వేడిలో కర్బన వాయువుల నడుమ గంటల తరబడి ఉంచుతారు. కర్బనం మెల్లగా లోనికి ఇంకి, పైపొరలో 0.8 వంతుకు చేరుతుంది. పిమ్మట నూనెలో ముంచి చల్లార్చితే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మందం గల పైపొర ఆకురాయికి కూడ లొంగనంత గట్టిపడుతుంది. లోపలి భాగం ఓర్పు కోల్పోదు. పొడిని అచ్చులో అదిమి కాల్చిన చవక గేర్లలో సూక్ష్మరంధ్రాలు మిగిలిపోతాయి. పూలకుండీల మట్టి కలపడానికి అవి చాలు, ఆష్‌బర్న్ రాళ్ళకు చాలవు. కొనుగోలుదారు పన్నును కోసి చూడలేడు గాని, గేర్ల ఉక్కు రకం, గట్టిదనం ఎంతో చెప్పుమని అమ్మకందారుని అడగవచ్చు. సమాధానం రాకపోవడం కూడ ఒక సమాధానమే.

కొన్ని టిల్లర్లలో ఉక్కు వార్ము, కంచు చక్రం జతగా ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణం నుండి వచ్చిన పాత ట్రాయ్‌బిల్ట్ హార్స్ యంత్రాలు అట్టివే. సెకండ్ హ్యాండు కొనేవారికి అవి తరచు తారసపడతాయి. ఈ జతలో పళ్ళు దొర్లవు, జారుతాయి. అందుచేత వేడి పుడుతుంది, నూనె మీద భారమంతా పడుతుంది. "మంచి నూనె" అని తలచి కారు డిఫరెన్షియల్‌కు వాడే జి.ఎల్-5 నూనె పోసినందువల్ల కంచు చక్రాలు పాడయ్యే ప్రమాదం ఉన్నది. ఆ నూనెలో గంధకం, భాస్వరం గల రసాయనాలు జి.ఎల్-4 లో కంటె సుమారు రెండింతలుంటాయి. ఉక్కు మీద ఉక్కు ఒత్తుకొనేచోట అవి రక్షణ పొరను కల్పించి మేలు చేస్తాయి. కాని కంచులో రాగి ఉన్నది. వేడెక్కినప్పుడు చురుకైన గంధకం రాగితో కలిసి నల్లని రాగి సల్ఫైడుగా మారుతుంది. ఆ పొర రాపిడికి ఊడిపోతుంది, దాని క్రింద కొత్త పొర పుడుతుంది. వెండి గిన్నె నల్లబడినట్లే కంచు పన్ను నల్లబడి సన్నగిల్లుతుంది. నూనెల ఈ స్వభావాన్ని కొలవడానికి ప్రయోగశాలల్లో మెరుగుపెట్టిన రాగి పట్టీని వేడి నూనెలో ముంచి, దాని రంగును నమూనాలతో పోల్చి ఒకటి మొదలు నాలుగు వరకు శ్రేణి ఇస్తారు. ఒకటి మేలైనది. నేటి జి.ఎల్-5 నూనెలలో రాగిని కాపాడే ద్రవ్యాలు కలిపినవీ ఉన్నాయి గనుక అన్నింటినీ నిందించరాదు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన నూనెనే పోయడం క్షేమం. మరొక హెచ్చరిక: వార్ము గేర్ల కొరకు అమ్మే పాలీగ్లైకాల్ నూనెను ఖనిజ నూనెతో కలుపరాదు. ఆ రెండూ ఒకదానిలో ఒకటి కరగవు.

గేర్‌బాక్సు పెట్టె అల్యూమినియమా, పోత ఇనుమా అన్నదీ విచారించాలి. వేడికి అల్యూమినియం ఉక్కుకంటె రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఎనభై మిల్లీమీటర్ల బేరింగు గూడు అరవై డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో నూటికి అయిదు వంతుల వదులు ఏర్పడుతుంది. బేరింగుకు అది స్వల్పం కాదు. గోడలు దళసరిగా ఉండి, గూటిలో ఇనుప తొడుగు వేసిన పెట్టెకు ఈ లోపం తక్కువ. అంతకంటె తేలికైన పరీక్ష ఒకటున్నది: లోపలి బేరింగుల సంఖ్యలు అడగాలి. 6204, 6205 వంటి ప్రమాణ సంఖ్యలైతే ఆ బేరింగు అమెరికాలో ఏ మూలనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా దొరుకుతుంది. పేరూ సంఖ్యా లేని బేరింగుతో వచ్చిన యంత్రం ఆ బేరింగుతోనే సహగమనం చేస్తుంది.

ఇంతవరకు యంత్రపు ప్రాణం గురించిన మాట. మనిషి ప్రాణం మాట మరింత ముఖ్యం. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరగడమంటే సెకనుకు తొమ్మిది చుట్లు. 35 మిల్లీమీటర్ల షాఫ్టుకు గుడ్డ కొస చిక్కితే సెకనుకు ఒక మీటరు చొప్పున లోనికి లాక్కుంటుంది; చుట్టుకొన్న కొద్దీ వేగం ఇంకా పెరుగుతుంది. వేసవిలో స్వదేశం నుండి వచ్చే తల్లిదండ్రులే మన పెరళ్ళకు నిజమైన రైతులు. వారి ఒంటిమీద పంచె, కండువా, చీరచెంగు ఉంటాయి. రెండు మీటర్ల కండువాకు రెండు సెకన్లు కూడ పట్టవు. షాఫ్టు మీద ప్లాస్టిక్ కవచం విరిగినదనో అడ్డమనో తీసివేసిన యంత్రాన్ని ఎంత చవకైనా కొనరాదు. చేయి వదిలితే తనంతట ఆగే మీట లేని యంత్రాన్ని అసలే కొనరాదు.

ఊరిలోని తమ్మునికో బావమరిదికో టిల్లరు కొనిపెట్టాలన్న తలంపు ప్రవాసులలో చాలామందికి ఉన్నది. అమెరికాలో నచ్చిన యంత్రాన్ని అక్కడికి పంపడం వివేకం కాదు. 2020 జూలైలో భారత ప్రభుత్వం పవర్ టిల్లర్లనూ, వాటి ఇంజన్, ట్రాన్స్‌మిషన్, ఛాసిస్, రోటవేటర్ భాగాలనూ దిగుమతి ఆంక్షల క్రిందికి తెచ్చింది. యంత్రం ఎలాగో చేరినా గేరు విరిగిననాడు దిక్కుండదు. దమ్ము చేసే మడిలో చక్రాలు మునిగేవరకు నీరుంటుంది. అక్కడ గేర్‌బాక్సుకు తొలి శత్రువు రాయి కాదు, నూనె సీలు సందున చొరబడే బురదనీరు. నూనె పాలవలె తెల్లబడిందంటే నీరు చేరినట్లే. డబ్బు పంపే అన్న ఆ ఊరికి దగ్గరలో సీళ్ళు, బేరింగులు, బాగుచేసే మనిషి ఉన్న కంపెనీ ఏదో తమ్మునినే అడిగి, అదే కొనమనడం న్యాయం.

ఆష్‌బర్న్ పెరళ్ళ సంగతికి వస్తే, ఏటికి రెండు రోజుల పనికి ఇంటికొక చవక టిల్లరు ఎందుకు? నాలుగు కుటుంబాలు కలిసి కార్బరైజు చేసిన గేర్లు, స్ప్లైను షాఫ్టు, షియర్ బోల్టు గల యంత్రాన్ని ఒకదానిని కొని, నూనె మార్చిన తేదీని దాని మీదనే వ్రాసి ఉంచుకుంటే మంచిది. దున్నే ముందు 811 కు ఫోను చేసి భూమిలోని తీగల జాడ గుర్తు పెట్టించుకోవడం మరువరాదు. అక్కడి నేలలో రాళ్ళు ఎన్నో, కేబుళ్ళూ అన్నే.