ఋషికొండ నీలిపతాకము

విశాఖపట్టణము చెంతనున్న ఋషికొండ తీరమునకు 2020లో "బ్లూ ఫ్లాగ్" గుర్తింపు లభించినది. ఆంధ్రదేశమున నా గౌరవమును మొదట పొందినదదియే. డెన్మార్కు దేశమున కేంద్రముగల పర్యావరణ విద్యాసంస్థ నీటి శుభ్రత, చెత్త తొలగింపు, స్నాతల రక్షణ మున్నగు 33 నియమములను పరీక్షించి యీ పతాకము నొసగును. 2025 ఆరంభమున నిర్వహణ లోపించినదని గుర్తింపును ఉపసంహరించిరి. అధికారులు మేల్కొని లోపములను సవరింపగా కొలది వారములకే యది మరల లభించెను. సంతోషమే. కాని కొలది వారములలో జరిగిన పని యంతకుముందేల జరుగలేదు? కలెక్టరుగారి మకామనగానే రాత్రికి రాత్రి సున్నము కొట్టించుకొను గ్రామచావడి మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

అంతకంటె ముఖ్యవిషయ మొకటి కలదు. పతాకము ఋషికొండపై నెగురుచుండగా, సామాన్యజనులు వేలకొలదిగా జేరు రామకృష్ణా బీచివద్ద మురుగు సముద్రమున గలియుచున్నదను మొర యేండ్ల తరబడి వినవచ్చుచున్నది. ఆ జనుల ఆరోగ్యము పర్యాటకుల ఆరోగ్యమునకు దీసిపోయినదా? నీటియందలి మలజనిత సూక్ష్మజీవులను పరీక్షించి, ఫలితములను తీరముననే ప్రకటింపవలెననుట బ్లూ ఫ్లాగ్ నియమములలో నొకటి. పతాకముతో నిమిత్తము లేకుండ, ప్రజలు స్నానమాడు ప్రతి తీరమునను ఆ ఫలితములను తెలుగున వ్రాయించి నిలుపవలెనని నగరపాలక సంస్థను కోరుచున్నాము.