ధాత కరువు, పరాయి సాయం

మన పిల్లలకే పోషకాహారం చాలనప్పుడు పరదేశాల ఆకలికి ప్రభుత్వం డబ్బివ్వడం దేనికని పాఠకులు కొందరు అడుగుతుంటారు. అడగదగిన ప్రశ్నే. అయితే కర్నూలు, కడప జిల్లాలవారు అడిగే ముందు ధాత కరువును ఒక్కసారి తలచుకోవాలి.

1871, 1881 జనగణనలను పోల్చి చూడండి. 1876-78 నాటి ఆ కరువుకు కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఖర్చు తగ్గించమని వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో చెమటోడ్చే మగవాడికి రోజుకొక పౌండు ధాన్యం, పైన ఒక అణా విలువైన కూలి చాలునన్నాడు. పౌండంటే మన లెక్కలో 450 గ్రాములు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. (మా వృత్తివారని పొగడడం కాదు, నాటి ప్రభుత్వంలో దేహం లెక్క చూసినవారు అరుదు.) 1877లో లండన్ మేయర్ తెరిచిన కరువు నిధికి చందాలిచ్చినవారిలో ఎందరు మన ఊళ్ల పేర్లు విని ఉంటారు?

ఖజానాను చూసి కడుపు కొలిచే ఆ పద్ధతి నేటికీ పోలేదు. నిధులు చాలక ప్రపంచ ఆహార కార్యక్రమం 2023లో బంగ్లాదేశ్ శిబిరాల్లోని రోహింగ్యాలకు తలకు నెలకిచ్చే 12 డాలర్ల సాయాన్ని 8కి దించింది. అరకొర తిండితో ముందు కండ కరుగుతుంది, పిదప రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, ఆపై మామూలు విరేచనాలకే పసిబిడ్డ ప్రాణం పోతుంది.

2022లో మన దేశం ఆఫ్ఘనిస్తాన్‌కు గోధుమలు పంపింది. మంచి పనే. అటువంటి సాయానికి బడ్జెట్‌లో ఏటా స్థిరమైన పద్దు ఉండాలని నా అభిప్రాయం. అంగన్‌వాడీల పద్దుకు కోత పెట్టి మాత్రం కాదు.