ఓడిన కేసు, నిలిచిన వాదన: బారిస్టర్ నంబియార్

పేరుపొందిన న్యాయవాది మరణించినప్పుడు ఉన్నత న్యాయస్థానాలలో ఒక ఆచారం పాటిస్తారు. న్యాయమూర్తులందరూ ప్రధాన న్యాయమూర్తి కోర్టు హాలులో సమావేశమవుతారు. దివంగతుని జన్మస్థలం, చదివిన కళాశాల, ఎవరివద్ద జూనియరుగా చేరినదీ, ఏయే పెద్ద కేసులు గెలిచినదీ చెప్పుకొంటారు. లేచి కాసేపు మౌనం పాటిస్తారు. ఆపైన ఎవరి కోర్టుకు వారు వెళ్ళిపోతారు. ఆనాటి కేసుల పిలుపు మొదలవుతుంది. ఆ ప్రసంగాలలో ఓడిన కేసుల ఊసు సాధారణంగా ఉండదు. ఎం.కె. నంబియార్ విషయంలో మాత్రం ఓడిన కేసుతోనే ప్రారంభించాలి.

న్యాయమూర్తి వ్రాసిన తీర్పు అచ్చులో నిలుస్తుంది. న్యాయవాది రోజుల తరబడి నిలబడి చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. ఆయన పేరు మాత్రం లా రిపోర్టులో, తీర్పుకు పక్కనో పైనో, చిన్న అక్షరాలలో మిగులుతుంది. ఆలిండియా రిపోర్టరు 1950 సంపుటంలో సుప్రీంకోర్టు విభాగం 27వ పుట దగ్గర అటువంటి చిన్న అక్షరాలలోనే నంబియార్ పేరు కనబడుతుంది. కేసు: ఏ.కె. గోపాలన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం.

1898లో జన్మించిన నంబియార్ మంగళూరులో ప్రాక్టీసు చేసి, పిమ్మట మద్రాసు చేరారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 నాటికి ఆయనకు యాభై రెండేళ్ళు. అప్పటికి రాజ్యాంగంపై పాఠ్యగ్రంథాలు లేవు, పూర్వపు తీర్పులు లేవు. ప్రతి వాదననూ కొత్తగా నిర్మించుకోవలసిందే. ఆనాటి న్యాయవాదికి దొరికిన ఈ అవకాశం తర్వాతి తరాలకు దొరకలేదు.

మలబారు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ 1947 డిసెంబరునుంచి నిర్బంధంలో ఉన్నారు. కొన్ని కేసులలో శిక్షలు పడ్డాయి, ఆ శిక్షలు రద్దయ్యాయి. ఆయన మాత్రం బయటికి రాలేదు. రాజ్యాంగం అమలయిన నెలరోజులకే పార్లమెంటు ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం చేసింది. 1950 మార్చి 1న, గోపాలన్ జైలులో ఉండగానే, ఆ చట్టం కింద కొత్త ఉత్తర్వు ఆయన చేతికిచ్చారు. ఆయన నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి సుప్రీంకోర్టుకు సొంత భవనం లేదు. పార్లమెంటు భవనంలోనే కూర్చునేది. న్యాయమూర్తులు మొత్తం ఆరుగురు. ఆరుగురూ కలిసి కేసు విన్నారు. ఎదుటిపక్షాన కేంద్రానికి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్, మద్రాసుకు అడ్వకేట్ జనరల్ కె. రాజా అయ్యర్.

నంబియార్ చెప్పినదాని సారాంశం ఇది. చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ హరించరాదని 21వ అధికరణం అంటున్నది. ఇక్కడ ‘చట్టం’ అంటే శాసనసభ ఆమోదించిన కాగితమేనా? అదే అయితే ఎంత అన్యాయమైన పద్ధతినైనా చట్టంగా వ్రాసి మనిషిని లోపల పెట్టవచ్చు. ప్రాథమిక హక్కుకు అర్థమే ఉండదు. ఆ మాటలో సహజ న్యాయసూత్రాలు ఇమిడి ఉండాలి. రెండవది, మనిషిని నిర్బంధిస్తే 19వ అధికరణం ఇచ్చిన సంచార స్వేచ్ఛ కూడా పోతుంది కనుక, 19, 21, 22 అధికరణాలను విడదీయక కలిపి చదవాలి.

ఈ వాదనకు అడ్డుపడింది రాజ్యాంగసభ చరిత్ర. అమెరికా రాజ్యాంగంలోని ‘డ్యూ ప్రాసెస్’ అన్న మాట మన ముసాయిదాలో మొదట ఉండేది. దాన్ని తొలగించి, జపాను రాజ్యాంగం నుంచి ‘చట్టం నిర్ణయించిన పద్ధతి’ అన్న మాట తెచ్చారు. ఆ మార్పును బలపరచినవారిలో ముఖ్యుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి, 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా వెలిగిన మహా న్యాయవాది ఆయన. అమెరికాలో న్యాయమూర్తులు ఆ ఒక్క మాటను పట్టుకొని కార్మికుల పనివేళల చట్టాలను సైతం కొట్టివేసిన సంగతి ఆయనకు తెలుసు. ప్రజలెన్నుకొన్న సభపైన కొద్దిమంది న్యాయమూర్తులు పెత్తనం చేయరాదని ఆయన భయం. ఆ భయం అర్థంలేనిది కాదు. కాని జైలులో ఉన్న మనిషికి దాని వల్ల ఊరట కలగదు.

1950 మే 19న తీర్పు వెలువడింది. నలుగురు న్యాయమూర్తులు పిటిషను కొట్టివేశారు. ఏ అధికరణానికది ప్రత్యేకమన్నారు. చట్టం అంటే ప్రభుత్వం చేసిన చట్టమేనన్నారు. మహాజన్ మరొక కారణంమీద గోపాలన్‌ను విడుదల చేయాలన్నారు. నంబియార్ మూలవాదనను అంగీకరించినది సయ్యద్ ఫజల్ అలీ ఒక్కరే. నోటీసు, చెప్పుకొనే అవకాశం, నిష్పక్షపాతమైన విచారణకర్త, క్రమమైన విధానం, ఇవి లేనిదే పద్ధతి అనిపించుకోదని ఆయన అసమ్మతి తీర్పు. నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం చెప్పరాదన్న ఆ చట్టపు 14వ సెక్షను మాత్రం చెల్లదని ఆరుగురూ ఏకగ్రీవంగా కొట్టివేశారు. నంబియార్‌కు దక్కినది అంతవరకే.

తర్వాత ఆయన గోలక్‌నాథ్ కేసులో మళ్ళీ ఒక విపరీతమనిపించే వాదనతో లేచారు. డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ ఆచార్యుడు 1965లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. సవరణాధికారమున్నదని 21వ అధికరణాన్నే ఎత్తివేసి, చట్టంతో పనిలేకుండా మనుషుల ప్రాణాలు తీయవచ్చునా అని ఆయన ప్రశ్న. విద్యావేత్తల గోష్ఠిలో ఆగిపోవలసిన ఆ మాటను నంబియార్ న్యాయస్థానానికి మోసుకొచ్చారు: రాజ్యాంగపు మూల నిర్మాణాన్ని పార్లమెంటు కూడా కూల్చరాదన్నారు. రాజమహేంద్రవరంలో జన్మించి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1967 తీర్పులో ఈ వాదనకు గణనీయమైన బలం ఉందన్నారు. కాని కేసు వేరే కారణంమీద తేలుతున్నది గనుక నిర్ణయించనక్కరలేదని వదిలారు. 1973లో కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులలో ఏడుగురు ఆ సూత్రాన్నే చట్టం చేశారు. ఈ విజయం నంబియార్ జీవించి ఉండగానే వచ్చింది.

మొదటి వాదన మాత్రం నెమ్మదిగా నడిచింది. 1962లో ఖరక్ సింగ్ కేసులో ఇదే సుబ్బారావు తన అసమ్మతి తీర్పులో, ప్రాథమిక హక్కులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉంటాయన్నారు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు గోపాలన్ తీర్పు పునాదిని కదిలించింది. నంబియార్ 1975లో కన్నుమూశారు. దేశంలో ఎమర్జెన్సీ విధించినది ఆ ఏడాదే. మరుసటి సంవత్సరం, ఎమర్జెన్సీలో నిర్బంధితులు కోర్టుకు రాజాలరని సుప్రీంకోర్టు నలుగురి మెజారిటీతో తీర్పు చెప్పింది. 1977 మార్చిలో గోపాలన్ కూడా మరణించారు.

1978 జనవరి 25న మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో తీర్పు వచ్చింది. పద్ధతి అంటే న్యాయమైన, సమంజసమైన పద్ధతి. 14, 19, 21 అధికరణాలను కలిపి చదవాలి. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నంబియార్ కోరినదానికి ఇది ఎంతో దగ్గర. వినడానికి గోపాలన్ లేరు, నంబియార్ లేరు. ఫజల్ అలీ 1959లోనే గతించారు. అయితే ఏడుగురు న్యాయమూర్తుల ఆ ధర్మాసనంమీద ముర్తజా ఫజల్ అలీ ఉన్నారు. ఆయన సయ్యద్ ఫజల్ అలీ కుమారుడు. తండ్రి ఒంటరిగా అన్నమాటకు కుమారుడు మెజారిటీతో కలిసి ఆమోదం తెలిపారు.

నంబియార్ కుమారుడి కథ మరొకటి. కె.కె. వేణుగోపాల్ తండ్రి వృత్తినే చేపట్టి, 2017లో అటార్నీ జనరల్ అయ్యారు. ఆ ఏడాదే తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఎదుట, వ్యక్తిగత గోప్యత స్వతంత్రమైన ప్రాథమిక హక్కు కాదని కేంద్రప్రభుత్వం పక్షాన వాదించవలసివచ్చింది. గోపాలన్ తీర్పుతో వచ్చిన పాత ఆలోచన ప్రభుత్వానికి ఆధారం. ఆ ఆలోచన 1970, 1978 తీర్పులతోనే కొట్టుకుపోయిందని ధర్మాసనం ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. తన కక్షిదారు పక్షాన నిలబడడం న్యాయవాది ధర్మం. వేణుగోపాల్ ఆ ధర్మం నెరవేర్చారు. ఆ రోజున ఆయన ఓడినది తండ్రి వాదన చేతిలో.