అమ్ముకునే హక్కు ఇచ్చి చేతులు దులుపుకుంటారా?

2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక మెజారిటీ తీర్పు ఇచ్చింది. ప్రైవేటు ఆస్తులన్నిటినీ 39(బి) అధికరణం కింద 'సమాజపు భౌతిక వనరులు'గా పరిగణించలేమన్నది దాని సారం. ఆస్తిపరులు ఊపిరి పీల్చుకున్నారు. ఆ చర్చలన్నీ వింటూ నాకు కలిగిన సందేహం వేరు. డి ఫారం పట్టా చేతిలో పట్టుకున్న మాల, మాదిగ రైతు ఈ 'ఆస్తిపరుల'లో ఉన్నాడా?

ఆస్తి హక్కంటే ఒకే హక్కు కాదు, హక్కుల మోపు. అనుభవించడం, ఇతరులను రానివ్వకపోవడం, తనఖా పెట్టడం, వారసులకు ఇవ్వడం, అమ్ముకోవడం అన్నీ అందులోవే. 1978 నాటి 44వ సవరణతో అది ప్రాథమిక హక్కుగా పోయినా, 300ఎ అధికరణంలో రాజ్యాంగ హక్కుగా మిగిలింది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ప్రభుత్వం ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు.

అసైన్డ్ భూమి దగ్గరికొస్తే ఆ మోపులోంచి కొన్ని కట్టెలు ముందే తీసేశారు. అమ్మరాదన్న షరతు ఆంధ్ర ప్రాంతంలో 1954 నుంచి, తెలంగాణలో 1958 నుంచి పట్టాల్లోకి వచ్చింది. 1977 నాటి 9వ చట్టం దాన్ని గట్టి నిషేధంగా మార్చింది. సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్మకూడదు.

ఈ నిషేధాన్ని నేను తప్పుపట్టను. ఆడపిల్ల పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఎకరాలు కలిపేసుకున్న ఊళ్లు మనకు తెలియనివి కావు. అలా పోయిన భూమిని తిరిగి అసైనీకో అతని వారసులకో ఇప్పించే అధికారం చట్టంలోని 4వ సెక్షన్ ఇచ్చింది. అది వీలుకాకపోతే ప్రభుత్వం వెనక్కి తీసుకుని వేరే పేదలకు ఇవ్వాలి. కొన్నవాడు ఊరి పెద్ద అయినచోట ఆ నోటీసు ఎంత దూరం నడుస్తుందో రెవెన్యూ ఫైళ్లు తిరగేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

పేదవాడికి రక్షణగా పెట్టిన ఈ షరతే ప్రభుత్వానికి భూమి కావలసినప్పుడు ఆయుధమైంది. 'మేమిచ్చిన భూమి మేమే తీసుకుంటే పరిహారమేమిటి?' అన్నది చాలాకాలం రెవెన్యూ వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో దాన్ని తోసిపుచ్చింది. ప్రజా అవసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలంది. నా దృష్టిలో ఇది మన భూచరిత్రలో పెద్ద తీర్పు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం కేశవానంద భారతి తర్వాత దీనికి చోటుండదు. అయినా పదకొండేళ్లకు అమరావతి ల్యాండ్ పూలింగ్‌లో అసైన్డ్ రైతులకు పట్టా రైతులకన్నా తక్కువ ప్లాట్లే ప్రకటించారు.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి, అసైన్ చేసి 20 ఏళ్లు నిండిన భూములను అమ్ముకునే వీలు కల్పించింది. చాలామంది మిత్రులు దీన్ని సమానత్వమన్నారు. పట్టా రైతుకున్న హక్కు దళిత రైతుకెందుకు ఉండకూడదన్న వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. కానీ అప్పుల్లో ఉన్నవాడికి అమ్మే స్వేచ్ఛ ఇవ్వడమంటే, కొనేవాడికి దారి తెరవడమే. అంబేడ్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కోరింది సాగుభూమిని ప్రభుత్వపరం చేసి, కుల భేదం లేకుండా ఊరివాళ్లకు ఉమ్మడి సాగుకు ఇవ్వాలని. చిన్న కమతాన్ని మార్కెట్లో ఒంటరిగా వదలమని ఆయన ఎక్కడా అడగలేదు.

అసైన్డ్ భూమిని బ్యాంకులకు, సహకార సంఘాలకు తనఖా పెట్టడానికి 1977 చట్టమే మినహాయింపు ఇచ్చింది. ముందు ఆ అప్పు దొరకాలి. 2004 తీర్పులోని సమాన పరిహారాన్ని చట్టంలోనే రాయాలి. 4వ సెక్షన్ కేసులకు గడువు పెట్టాలి. అమ్మక తప్పని కుటుంబం ఉంటే మార్కెట్ ధరకు కొనే మొదటి హక్కు ఎస్సీ కార్పొరేషన్‌కు ఉండాలి. భూమిలేని దళితుల కోసం పొలాలు కొనే పథకం ఆ కార్పొరేషన్ ఎలాగూ నడిపింది. దళితుడి భూమినే కొని మరో దళితుడికి ఇవ్వడానికి కొత్త శాఖ అక్కర్లేదు, బడ్జెట్ కావాలి.