నడుముల చెక్కిన పిస్టల్ రక్షణ కాదు తమ్మీ, గండం

2022 మార్చి 1. పొద్దుగాల ఇబ్రహీంపట్నం మండలం కర్ణంగూడ దగ్గర తుపాకులు పేలినయి. ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారుల పానాలు పోయినయి. ఒకాయన అక్కడ్నే సచ్చిపోయిండు, ఇంకొకాయన దవాఖానల. కారణం భూమి పంచాది అని రాచకొండ పోలీసులు తేల్చిండ్రు. కొద్ది రోజులల్లనే నిందితులను పట్టుకున్నరు. కాల్చిన తుపాకులు బీహార్‌కెల్లి తెచ్చినవని చెప్పిండ్రు.

ఆ ముచ్చట టీవీలల్ల కొన్ని దినాలు నడిచి ఆగిపోయింది. కానీ సాగర్ రోడ్డు పొంటి, వెంచర్ల ఆఫీసులల్ల, చాయ్ హోటళ్లకాడ ఒక మాట మాత్రం ఉండిపోయింది. "మన దగ్గర కూడా ఒకటి ఉంటే మంచిది గదా" అని. పెద్దోళ్లు లైసెన్స్ గురించి మాట్లాడితే, పోరగాళ్లు రీల్స్ చూస్తున్నరు. అంగి జర పైకి లేపుడు, నడుముల చెక్కిన పిస్టల్ చూపెట్టుడు, ఎనుక ఒక పాట. లైకులు మస్తు వస్తయి.

ఏ కంపెనీ, ఎంత ధర అని అందరు అడుగుతరు. దాన్ని ఒంటి మీద ఎట్ల మోస్తరు అని ఒక్కడు అడగడు. అసలు సంగతి అండ్లనే ఉంది.

చట్టం ఏమంటది

మన దేశంల ఆయుధాల చట్టం 1959ల వచ్చింది. దాని కింద ఇప్పుడు నడుస్తున్నయి 2016 నాటి ఆయుధ నియమాలు. అండ్ల 8వ నియమం సక్కగ మన ముచ్చటే చెప్తది. లైసెన్స్ ఉన్నోడు పిస్టల్ పట్టుకొని నలుగురిలకు పోతే, అది పిస్టల్ కోసమే తయారు చేసిన హోల్‌స్టర్‌ల, ఒంటికి కట్టుకొని ఉండాలె. లేకుంటే సంచిల ఉండాలె. పూర్తిగ కప్పి ఉండాలె, బయటికి కనవడొద్దు. దాని మీద మోసేటోని అదుపు ఉండాలె. నలుగురిల తీసి ఊపుడు, గాల్లకు పేల్చుడు బంద్.

కత్తికి ఒర ఎట్లనో పిస్టల్‌కు హోల్‌స్టర్ అట్ల. ఒర లేకుంట నడుముల చెక్కుడు, అంగి లేపి చూపెట్టుడు, పెండ్లి బరాత్‌ల చేతిల పట్టుకొని ఎగురుడు, ఇయన్ని లైసెన్స్ ఉన్నోడు చేసినా తప్పే. 2019ల చట్టం మార్చిండ్రు. సంబరానికని తుపాకి పేల్చి ఎదుటోళ్లను గండంల పడేస్తే రెండేండ్ల దాక జైలు, లేకుంటే లక్ష దాక జుర్మానా, లేకుంటే రెండూ. ఒక మనిషికి మూడు తుపాకుల దాక ఉండేది, దాన్ని రెండుకు తగ్గించిండ్రు.

ఇంకో సంగతి. సినిమాలల్ల హీరో పట్టుకునే 9 ఎంఎం పిస్టల్ మామూలు మనిషికి రాదు. అది నిషేధిత బోర్. పోలీసులకు, మిలిటరీకి ఉంటది. మామూలు లైసెన్స్ మీద ఎక్కువ దొరికేది .32 రివాల్వర్, .32 పిస్టల్.

పెద్ద పిస్టల్ మోసుడు అంత అల్కగ కాదు

పోలీసుల చేతిల మనం చూసే గ్లాక్ 17నే తీస్కుందాం. పొడుగు ఇరవై సెంటీమీటర్లు. 17 తూటాలు నింపితే బరువు 900 గ్రాములు దాటుతది. ఇంచుమించు కిలో బరువు నడుముకు కట్టుకొని పొద్దంత తిరుగుడన్నట్టు. బండి మీద కూసుంటే కడుపుల పొడుస్తది, కార్ల కూసుంటే సీటు బెల్టుకు తట్టుకుంటది, వంగితే పిడి అంగిల కెల్లి ఉబ్బి కనవడతది.

కుడిచేతి వాటం ఉన్నోడు కుడి నడుముకు, బెల్టుకు బయట కట్టుకుంటే బరువు సమంగ ఉంటది. కానీ చట్టం కప్పమంటది కాబట్టి మీద పొడుగు అంగో, కోటో ఉండాలె. ఎండకాలం మన దిక్కు కోటేసుకొని తిరిగేటోడు ఎవడు? ప్యాంటు లోపలికి పెట్టుకుంటే మంచిగ దాగుతది గానీ ప్యాంటు ఒక సైజు పెద్దది కావాలె, పెద్ద పిస్టల్ అయితే ఒత్తుకపోతది. కడుపు ముందట పెట్టుకుంటే తీసుడు అల్కగనే ఉంటది, కానీ కూసున్నప్పుడు గొట్టం సక్కగ తొడ దిక్కే చూస్తది. నడుము ఎనుక పెట్టుకుంటే బండి మీదికెల్లి పడ్డప్పుడు ఎన్నుపూసకు దెబ్బ. ఎనుకకెల్లి ఎవడన్న గుంజుకున్నా తెల్వది. సంకకింద కట్టేదానికి కోటు తప్పదు. తొడకు కట్టేది కమాండోలకు, అది కప్పి ఉండదు. సంచిల పెడితే ఆ సంచి హోటల్ల మర్చిపోయినవంటే అదుపు పోయినట్టే.

హోల్‌స్టర్‌ల చూడవల్సింది నాలుగు ముచ్చట్లు. ఒకటి, అది ఆ మోడల్ పిస్టల్‌కే చేసినదై ఉండాలె. అన్నిటికి సరిపోతది అని అమ్మే బట్ట సంచి పనికి రాదు. రెండు, ట్రిగ్గర్ పూర్తిగ మూసుకపోవాలె, ఏలు గానీ అంగి కొస గానీ దూరొద్దు. మూడు, తూటాలు తీసేసిన పిస్టల్‌ను అండ్ల పెట్టి తలకిందులు చేసి ఊపితే జారొద్దు. నాలుగు, పిస్టల్ తీసినంక దాని నోరు మూసుకపోవద్దు. తోలుది మెత్తగుంటది గానీ చెమట పీలుస్తది, పాతదైతే వంగి ట్రిగ్గర్ల ఇరుకుతది. గట్టి ప్లాస్టిక్‌ది ఆకారం మారది. ఏది కొన్నా కింద బలమైన బెల్టు లేకుంటే అంతా జారుడే.

ఇంత చూసినంక లైసెన్స్ ఉన్నోనికి నా మాట ఒక్కటే. పెద్ద పిస్టల్ తప్పదంటే గట్టి హోల్‌స్టర్‌ల, కుడి నడుముకు, పొడుగు అంగి కింద. ఇంక ఏ స్టైలైనా నీ పానానికో పక్కోని పానానికో ముప్పు.

చెక్కినోళ్లకు ఏమైంది

అమెరికాల ప్లాక్సికో బరెస్ అని పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడు. 2008 ఫిబ్రవరిల వాళ్ల సూపర్ బౌల్ గెలిపించిన బంతి పట్టిండు. అదే ఏడు నవంబర్ల న్యూయార్క్‌ల ఒక క్లబ్బుకు గ్లాక్ పిస్టల్ నడుముల చెక్కుకొని పోయిండు. హోల్‌స్టర్ లేదు. పిస్టల్ జారింది, పట్టుకోబోయిండు, పేలింది. తూటా ఆయన తొడలకెల్లే పోయింది. న్యూయార్క్‌ల లైసెన్స్ లేనందుకు రెండేండ్ల శిక్ష పడ్డది. కోట్ల ఆట, పేరు, అన్నీ ఆగిపోయినయి.

అంత దూరం ఎందుకు? 2024 అక్టోబర్ 1 నాడు ముంబైల హిందీ నటుడు గోవిందకు సొంత లైసెన్స్ రివాల్వరే పేలి కాలుకు తూటా దిగింది. చేతిలకెల్లి జారితే పేలిందని చెప్పిండ్రు. లైసెన్స్ ఉన్నది, ఏండ్లకేండ్లు ఇంట్ల ఉన్న తుపాకి. అయినా ఒక్క నిమిషం అదుపు తప్పింది.

మన ఇబ్రహీంపట్నం దిక్కే ఎన్‌ఎస్‌జీ క్యాంపు ఉంది, ఆక్టోపస్ కమాండోల క్యాంపు ఉంది. వాళ్లు హోల్‌స్టర్‌లకెల్లి పిస్టల్ తీసుడు, మళ్ల పెట్టుడు వేల మాట్ల చేస్తరు. ట్రిగ్గర్ మీద ఏలు ఎప్పుడు పెట్టొద్దో వాళ్ల చేతికే తెలుస్తది. రీల్ చూసి నేర్చుకున్నోనికి ఆ చెయ్యి యాడికెల్లి వస్తది?

హోల్‌స్టర్ కోపాన్ని ఆపది

మంచి హోల్‌స్టర్ పిస్టల్‌ను పట్టుకుంటది గానీ మనిషిని పట్టుకోది. 2020 డిసెంబర్ల ఆదిలాబాద్ తాటిగూడల పిల్లల క్రికెట్ కాడ లొల్లి అయింది. మున్సిపాలిటీకి వైస్ చైర్మన్‌గ చేసిన ఒక పార్టీ జిల్లా నాయకుడు లైసెన్స్ తుపాకి తీసి కాల్చిండు. ఒకాయన దవాఖానల పానం ఇడిసిండు. 2022 జనవరిల కోర్టు ఆ నాయకునికి యావజ్జీవ శిక్ష ఏసింది. అది దొంగ తుపాకి కాదు, దొంగతనంగ మోసింది కాదు. లైసెన్స్ ఇచ్చినప్పుడు రక్షణకే ఇచ్చిండ్రు. ఆ తుపాకి ఇంట్ల పెట్టెల ఉంటే ఆ పొద్దు నాలుగు తిట్లతోని, రెండు దెబ్బలతోని పోయేదేమో.

నాటు తుపాకి సంగతి ఇంక చెప్పే పనే లేదు. దానికి ఒక కొలత ఉండదు, సరిపోయే ఒర దొరకది, ఎప్పుడు పేలుతదో దానికే తెల్వది. లైసెన్స్ లేకుంట తుపాకులు చేసినా అమ్మినా ఏడేండ్లకెల్లి యావజ్జీవం దాక శిక్ష. దోస్తు కోసం సంచి పట్టుకపోయిన అన్నా కేసుల పేరు ఎక్కుతది. కేసు పడ్డ పోరనికి కానిస్టేబుల్ కొలువు, ఆర్మీ కొలువు, పాస్‌పోర్ట్, అన్నిటికీ తిప్పలే.

మరి రక్షణ ఎట్ల

కర్ణంగూడ ముచ్చటకు మళ్ల వద్దాం. అక్కడ పానాలు పోయింది భూమి కాడ. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చినంక, ఆదిబట్ల దిక్కు కంపెనీలు వచ్చినంక ఇక్కడి ఎకరం ధర మన తాతలు కలల గూడ అనుకోనంత అయింది. కాయితాలు తేలని భూమి చేతులు మారుకుంట పోయింది. ఒకే జాగకు ఇద్దరు ముగ్గురు మాది అనే పరిస్థితి. గుండె భయం పుట్టింది ఆడ. ఆ భయానికి మందు పిస్టల్ అనుకుంటే, ఎదుటోడు కూడా అదే అనుకుంటడు. ఇద్దరి నడుములకు ఉంటే ఎవడు ముందు తీస్తడనే భయం ఇంక పెరుగుతది.

కొనేముందు ఈసీ తియ్యాలె, లింకు డాక్యుమెంట్లు చూడాలె, సర్వే చేయించాలె, లేఅవుట్‌కు పర్మిషన్ ఉందో లేదో అడగాలె. పంచాది ఉన్న భూమి మీద సెటిల్మెంట్ అన్నలను పట్టుకోకుంట కోర్టుకెల్లి ఇంజక్షన్ తెచ్చుకోవాలె. ఎవడన్న బెదిరిస్తే కాయితం మీద రాసి ఠాణల ఇచ్చి రశీదు తీస్కోవాలె. సర్కార్‌ను కూడా అడగాలె. 2020ల ధరణి తెచ్చిండ్రు, 2025ల భూభారతి తెచ్చిండ్రు. పేరు మారింది సరే, పంచాదిల ఉన్న సర్వే నంబర్లు ఎన్ని తేలినయి? గవి తేలుతనే ఇబ్రహీంపట్నంల తుపాకి ముచ్చట తగ్గుతది.

తమ్మీ, రేపు నీ ఫోన్‌ల అంగి లేపి పిస్టల్ చూపెట్టే రీల్ మళ్ల వస్తది. జర ఆగి చూడు. ఒర ఉందా? ట్రిగ్గర్ మూసుకుందా? గొట్టం ఎటు దిక్కు చూస్తుంది? ఆ మూడు చూసినంక వాడు నీకు హీరో లెక్క కనవడడు. గప్పుడు దాన్ని ఇంకొకనికి పంపకు.